మైకు బావ, మట్టి పెంకు

కొత్త రాష్ట్రం వచ్చిన తొలి ఏళ్లలో మా ఈడు వాళ్లందరి చంకలోనూ ఒక చరిత్ర పుస్తకం ఉండేది. సర్కారు కొలువు నేడో రేపో అన్నట్టుండేది కాబట్టి బస్సుల్లో చదివాం, పెళ్లిపందిళ్లలోనూ చదివాం. మిగతావాళ్లు పరీక్షకు కావలసింది చదువుకున్నారు. నేను ప్రాచీన గ్రీసు దగ్గర ఆగిపోయాను (దాని మీద ప్రశ్నలు పెద్దగా రావని ఆలస్యంగా తెలిసింది). మాది తిరుమలగిరి పక్క పల్లె. కొల్లాపూర్‌లో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పే పని దొరికితే, దాపులోనే ఉన్న అక్క వాళ్ల ఊళ్లో దిగాను. నెల తిరక్కుండానే నాకు గ్రీకు సారు అని పేరు పడింది. ఊరంతా కలిసి మా బావను మైకు దగ్గర్నుంచి దించేసిందని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదు. నిజం నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

ఊళ్లో వినాయకుడి మండపంలో మైకు ఎప్పుడూ బావ చేతిలోనే ఉండేది, అందుకే ఊరంతా ఆయన్ను మైకు బావ అనేది. హారతి కాగానే భజన ఎత్తుకునేవాడు. శ్రుతి ఒక దారి, బావ ఒక దారి. అయినా జనం తాళాలు తెచ్చుకుని మరీ కూర్చునేవాళ్లు. ఆఖర్న నాకో పావుగంట దక్కేది. ఆ పావుగంటలో నేను ఏథెన్సు నుంచి స్పార్టా పొలిమేర దాకా కూడా పోలేకపోయేవాణ్ణి. పైగా నిమజ్జనం దగ్గర పడుతోంది. ఆ రోజు ట్రాక్టరు మీద మైకు పట్టినవాడి మాట చుట్టుపక్కల పల్లెలన్నీ వింటాయి. ఆ మైకు నాకు కావాలి. మా ఇద్దరి పోటీతో విసిగిన యూత్ సంఘం కుర్రాళ్లకు నేనే ఉపాయం చెప్పాను.

"ఏథెన్సుల గిట్ల లొల్లయితే పెంకులేసేటోళ్లు. కుండపెంకు మీద పేరు గీకుడు. ఎవని పేరు ఎక్కువస్తే వాడు పదేండ్లు ఊరిడిసి పోవాలె."

"పదేండ్లా? మన గణపతే తొమ్మిది దినాలుంటడు గద సారూ!"

"గందుకే మనకాడ నిమజ్జనం దాంక మైకు ముట్టొద్దు. గంతే."

కుర్రాళ్లకు భలే నచ్చింది. కుమ్మరి ఆవం పక్కన పడి ఉన్న పెంకులు గంపెడు తెచ్చారు, గీకడానికి ఇనప మేకులు తెచ్చారు. ఆ పూట అన్నం దగ్గర బావకు ఏథెన్సు కథ ఒకటి చెప్పాను. అక్కడ నీతిమంతుడని పేరుపడ్డ ఒక నాయకుడుండేవాడు. పెంకులేసే రోజున చదువురాని రైతొకడు, ఎదురుగా ఉన్నది ఆయనేనని తెలియక, ఆ నాయకుడి పేరే రాసిపెట్టమని ఆయన్నే అడిగాడు.

"మరి రాసిండా?" అన్నాడు బావ, వేళ్లు నాకుతూ.

"రాసిండు బావా. తన పేరు తనే."

"గొప్పోడే. నువ్వయితే?"

"నేనైనా గంతే!" అన్నాను. అక్క చారు పోస్తూ నా మొహంలోకి ఒకసారి చూసింది.

మర్నాడు మధ్యాహ్నం గుడి ముందున్న మండపం దగ్గర పెంకుల పండుగ. గీకిన పెంకులు వేయడానికి ఒక పెద్ద కుండ పెట్టారు. గొంగడి భుజానేసుకున్న ముసలాయన ఒకడు నా దగ్గరికొచ్చాడు. గొర్లమందతో నెలల తరబడి బయట తిరిగి, ముందురోజే ఊరు చేరినవాడు.

"బిడ్డా, సదువుకున్నోని లెక్కున్నవ్. గీ పెంకు మీద జర పేరు రాయి."

"ఎవరిది పెద్దయ్యా?"

"గా గ్రీకు సారుది."

"ఆయన నీకేం జేసిండే?"

"ఏం జెయ్యలే. మొఖం గూడ ఎరగ. నిన్న ఊళ్లెకు రాంగనే మైకుల ఇన్న. మస్తు తెలివి, మస్తు తెలివని ఆయన తెలివి ఆయనే చెప్పుకుంటుండు. చెవులు దిబ్బడేసినయ్."

ఇన్ని వేల ఏళ్ల తర్వాత చరిత్ర ఏరికోరి నా చేతికి మేకు ఇచ్చింది. ఒక పక్క ఏథెన్సు, ఒక పక్క ట్రాక్టరు. ట్రాక్టరు గెలిచింది. ముత్యాల్లాంటి అక్షరాలతో 'మైకు బావ' అని గీకి ఇచ్చాను. "సల్లగుండు బిడ్డా" అని దీవించి ముసలాయన గుడి వెనక్కి పోయాడు.

లెక్క తేలింది. నా పేరు కంటే బావ పేరు ఒక్క పెంకు ఎక్కువ. బావ మైకు నా చేతికిచ్చి తువాలు దులుపుకున్నాడు. ఆ పూట నుంచి అక్క నాకు పోసిన చారు, ఏం పెట్టినా తినే స్పార్టా సైనికులు కూడా తాగరు.

నిమజ్జనం నాడు ట్రాక్టరెక్కి, గ్రీకు ఓడలు పర్షియా ఓడలను ముంచిన వైనం ఎత్తుకున్నాను. ఓడలు ఇంకా సముద్రంలోకి దిగనేలేదు, వెనక్కి చూస్తే జనం లేరు. అల్లంత దూరంలో బావ మైకు లేకుండానే పాడుతున్నాడు. ఊరంతా ఆయన చుట్టూ చప్పట్లు. నా ఉపన్యాసం చివరిదాకా విన్నవాళ్లు గణపతి, డ్రైవరు. (డ్రైవరు చెవుల్లో దూది ఉందని తర్వాత తెలిసింది.)

మొన్నటి చవితికి పోయినప్పుడు ఇక ఆగలేకపోయాను. మండపం పక్కన కూర్చోబెట్టి బావకు పెంకు సంగతంతా చెప్పేశాను. బావ నవ్వాపుకోలేకపోయాడు.

"బామ్మర్దీ, పెద్దయ్యకు పెంకిచ్చి నీకాడికి తోలిందే నేను. కథ నిజమో కాదో సూద్దామని."

"అంటే... నేను రాసింది..."

"గుడెనుక నిలబడి సదివిన. 'తప్పేమన్న ఉందా?' అన్నడు పెద్దయ్య. 'ఏం లేదు, పోయి కుండల ఎయ్' అన్న."

"నీ పేరని తెలిసీ వెయ్యమన్నవా! ఎందుకు బావా?"

"మైకు కోసం గంతగనం తండ్లాడవడ్తివి. పైగా నీకు మైకిస్తెనే గద, ఊరికి నా ఇలువ తెలిసేది!"

అని మైకు నా చేతిలో పెట్టాడు. "పావుగంట. గ్రీసు ముచ్చట ఒద్దు."

ట్రాక్టరు మీద ఓడలు నడిపిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు ముద్దొస్తాడు, చెవి మెలిపెట్టాలనీ అనిపిస్తుంది. మైకు పట్టుకుని ముందుకొచ్చి నిలబడ్డాను. ముందు వరసలో జనం అప్పుడే తువాళ్లు దులుపుకుని లేస్తున్నారు. "కూసోండ్రి, బావ పాడుతడు," అన్నాను. నా ఉపన్యాసాలన్నింటిలోనూ చప్పట్లు పడింది ఆ ఒక్కదానికే.