ఎవరికి వేస్తారని అడిగిన రోజు

2025 ఫిబ్రవరి. సిడ్నీ పడమటి శివారు వెస్ట్‌మీడ్‌లో, ఆసుపత్రుల నడుమ ఉన్న ఒక చిన్న మెమరీ క్లినిక్‌లో నేను రిజిస్ట్రార్‌గా పనిచేస్తున్నాను. జ్ఞాపకశక్తి సన్నగిల్లుతున్న వృద్ధులను పరీక్షించే చోటు అది. రిజిస్ట్రార్ అంటే వైద్యపట్టా చేతికొచ్చినా స్పెషలిస్టు కావడానికి ఇంకా శిక్షణలో ఉన్న డాక్టరు. దేశ పార్లమెంటుకు జరిగే ఫెడరల్ ఎన్నికలు కొద్ది వారాల్లో వస్తాయని అందరూ అనుకుంటున్న రోజులవి. తేదీ మాత్రం ఇంకా ప్రకటించలేదు.

ఆ గురువారం ఉదయం నా గదిలోకి ఇద్దరు వచ్చారు. వాకర్ పట్టుకుని నడిచిన పెద్దావిడ పేరు అచ్చమ్మ నాయుడు, వయసు ఎనభై మూడు. వెంట ఆమె కూతురు వెనెసా, ఒక ప్రాథమిక పాఠశాలలో లైబ్రేరియన్. ఇద్దరూ దగ్గర్లోని గిరావీన్‌లో ఉంటారు. దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి 1993లో ఆస్ట్రేలియాకు వచ్చిన కుటుంబం. చెరకు తోటల్లో కూలీలుగా కళింగాంధ్ర నుంచి ఓడల్లో వెళ్లిన వారి మనవలు, మునిమనవలు వీరు.

వెనెసా ఒక ఫారం నా బల్లపై పెట్టింది. ఓటర్ల జాబితా నుంచి తల్లి పేరు తీయించడానికి ఉద్దేశించిన ఫారం అది. ఈ దేశంలో ఓటు వేయడం తప్పనిసరి; వేయకపోతే ఎందుకు వేయలేదో సంజాయిషీ కోరుతూ ఉత్తరం వస్తుంది. ఓటు నమోదన్నా ఓటు వేయడమన్నా ఏమిటో, వాటి ప్రాముఖ్యమేమిటో గ్రహించే శక్తి ఒక వ్యక్తికి లేదని డాక్టరు ధ్రువీకరిస్తే పేరు తొలగిస్తారు. దీన్ని మేం కెపాసిటీ అంటాం. ఒక నిర్దిష్టమైన నిర్ణయాన్ని అర్థం చేసుకుని తీసుకోగల సామర్థ్యమని దాని భావం.

“కిందటేడు స్థానిక కౌన్సిల్ ఎన్నికలు అమ్మకు గుర్తులేవు,” అంది వెనెసా ఇంగ్లీషులో. “తరువాత ఆ ఉత్తరం వచ్చింది. ప్రభుత్వ ముద్ర చూసి మూడు వారాలు నిద్రపోలేదు. ఇల్లు ఖాళీ చేయమంటున్నారని గిన్నెలన్నీ సంచుల్లో కట్టేసింది. చిన్నప్పుడు వాళ్ల ఇల్లు అలాగే పోయింది, డాక్టర్. మీ వీధి తెల్లవాళ్లకు కేటాయించామని ఒక కాగితం పంపారు, అంతే. ఆ భయం మళ్లీ ఆమెకు వద్దు.”

కూతురి కోరికలో దురుద్దేశం ఇసుమంతైనా లేదు. అందుకే నా పని మరింత కష్టమైంది.

నేను శ్రీకాకుళం పిల్లను. విశాఖలో వైద్యం చదివిన అయిదేళ్లూ కాలేజీ డిబేట్ జట్టులో ఉన్నాను. ప్రజాస్వామ్యం మీద, ఓటు మీద ఎన్ని వాదాలు గెలిచానో లెక్కలేదు. ప్రశ్నను సరిగా సంధిస్తే ఎదుటివారి ఆలోచనలోని డొల్లతనం బయటపడి తీరుతుందని మా జట్టు విశ్వాసం. సమాధానం రాని ప్రశ్న దగ్గర ప్రత్యర్థి ఓడిపోయినట్టే లెక్క. ఆ అలవాటును నేను క్లినిక్‌లోకి కూడా తెచ్చుకున్నానని అప్పటికి నాకు తెలియదు.

ఇంగ్లీషులో మొదటి రెండు ప్రశ్నలకూ పెద్దావిడ తడబడింది. మూడోది అడిగేసరికి విసుగ్గా కూతురి వైపు తిరిగి, “ఏటంటంది ఈ పిల్ల?” అంది.

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆ ‘ఏటి’ నేను పుట్టి పెరిగిన ఇంట్లోది.

“ఆంటీ, మీకు తెలుగొచ్చా?” అన్నాను.

“ఆంటీ ఏటి, నీకు మామ్మనవుతాను. మీది ఏ ఎస్టేటు?”

తెలుగువాళ్లందరూ ఏదో ఒక చెరకు తోట నుంచే వచ్చి ఉంటారన్నది ఆమె లెక్క. మాది ఎస్టేటు కాదని, శ్రీకాకుళమని చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

“ఇంత బక్కగున్నావు, నువ్వు డాకటేరువేటి?”

వెనెసా నవ్వింది. తనకు తెలుగు అక్కడక్కడా అర్థమవుతుంది గానీ మాట్లాడలేదు. ఈ ఏడాదిగా తల్లి ఇంగ్లీషు నెమ్మదిగా జారిపోయి, చిన్ననాటి మాటే మిగులుతోందని చెప్పింది. మా వృత్తిలో ఇది తరచూ చూసేదే. అందుచేత మిగిలిన ప్రశ్నలన్నీ తెలుగులోనే అడిగాను.

“మామ్మా, ఎన్నికలంటే ఏమిటి?”

“గవుర్మెంటుని దింపీడం.”

“దింపితే?”

“ఇంకోల్లని ఎక్కించీడం. ఆల్లు బాగోకపోతే ఆల్లనీ దింపీడం. నీకు తెల్దేటి?”

ఇంతకంటే చక్కని నిర్వచనం నేను ఏ వేదిక మీదా చెప్పలేదు. కానీ మా ప్రశ్నావళిలో ఇంకొకటి మిగిలి ఉంది. రేపే ఎన్నికలైతే మీరు ఎవరికి ఓటు వేస్తారు, ఎందుకు? ఎంపిక చేసుకునే శక్తి ఉందో లేదో తెలుసుకోవడానికి అది పనికొస్తుందని నాకు నేర్పారు.

అడిగాను. ఆమె మాట్లాడలేదు. మాటలు మార్చి మళ్లీ అడిగాను. పెదవులు బిగించి కిటికీ వైపు తిరిగింది. పార్టీల పేర్లు చెప్పి మూడోసారి అడిగాను. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది.

“చూశారా?” అంది వెనెసా మెల్లగా. “ఇలాగే అయిపోతుంది.”

ప్రశ్న ఎదుట ‘సమాధానం లేదు’ అని రాశాను. ఇంగ్లీషు ప్రశ్నల దగ్గర ఆమె తడబాటు, ఈ మౌనం, ఆ మూడు వారాల నిద్రలేమి కలిపి చూస్తే నిర్ణయం సబబుగానే తోచింది. సంతకం చేశాను. వెనెసా ధన్యవాదాలు చెప్పి, కారు గుమ్మం ముందుకు తెస్తానని వెళ్లింది. ఫారం ఇంకా నా బల్ల మీదే ఉంది.

పెద్దావిడకు స్వెటర్ తొడుగుతుంటే ఆమె నా మణికట్టు పట్టుకుంది.

“అమ్మీ, సదువుకున్నదానివి. ఆ మాట అడగొచ్చేటి?”

“ఏ మాట, మామ్మా?”

“ఎవుడికేస్తావని. మొగుణ్ణే నాను అడగనేదు. నువ్వడుగుతావేటి?”

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆమె చెప్పింది ఒక వరుసలో లేదు. కొంత నేను అడిగి కూర్చుకున్నాను. 1984లో అక్కడి తెల్ల ప్రభుత్వం భారతీయులకు వేరుగా ఒక సభ పెట్టి ఓటు ఇస్తానంది. నల్లవారికి మాత్రం ఏ సభా లేదు. అందుకే డర్బన్ శివారు చాట్స్‌వర్త్‌లో ఆమె ఉన్న వీధి వీధంతా ఆ ఓటుకు వెళ్లకూడదని అనుకున్నారు. ఆమె బట్టల ఫ్యాక్టరీలో మిషను కుట్టేది. ఓటుకు వెళ్తావా, ఎవరికి వేస్తావని సూపర్‌వైజరు మిషన్ల మధ్య తిరుగుతూ అడిగేవాడు. ఆడవాళ్లు తలెత్తకుండా కుట్టుకుంటూ పోయేవారు. భర్తది మునిసిపాలిటీ ఉద్యోగం. ఓటు రోజు పొద్దున్న ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికి వెళ్లి గంట తరువాత వచ్చాడు.

“ఎక్కడికెల్లినాడో నాకు తెలుసు. తెలుసు గాని అడగనేదు. ఆయన సచ్చిపోయినంత వరకూ అడగనేదు.”

“ఎందుకు?”

“అడిగితే అబద్ధమాడాల. ఆయన సేత అబద్ధమాడించడం నాకిష్టం నేదు.”

తరువాత 1994 వచ్చింది. ఆ దేశంలో అందరూ కలిసి ఒకే పెట్టెలో ఓటు వేసిన మొదటిసారి. పదేళ్లు ఆమె ఎదురుచూసింది దాని కోసమే. కానీ అప్పటికే భర్త సిడ్నీలో ఉద్యోగం చూసుకున్నాడు. వాళ్లు ఇక్కడికి వచ్చి ఏడాది కూడా కాలేదు. పరదేశాల్లో ఉన్నవారికీ ఓటు ఇచ్చారు కనుక నగరంలో ఒక ఆఫీసుకు వెళ్లి వేసింది. ఓటుకు లోటు జరగలేదు. అయితే అక్కడ, చాట్స్‌వర్త్‌లో, ఆమె వీధివాళ్లూ, ఫ్యాక్టరీలో పక్క మిషను మీద కుట్టిన ఆడవాళ్లూ తెల్లవారకముందే వెళ్లి గంటల తరబడి బారులు తీరారట. ఆ లైనులో తాను లేదు.

“టీవీలో ఎతికేను. మావోల్లెవరైనా కనపడతారేమోనని,” అంది.

ఆమె గొంతు మామూలుగానే ఉంది. నాకు నా సంగతి గుర్తొచ్చింది. కిందటేడు మా ఊళ్లో ఎన్నికలైనప్పుడు నా సెలవు మంజూరు కాలేదు. విదేశంలో ఉన్న భారతీయులు ఓటు వేయాలంటే స్వయంగా ఊరికి వెళ్లి తీరాలి. డిబేట్ జట్టులోని నలుగురు స్నేహితులూ సిరా చుక్కల వేళ్లు చూపిస్తూ ఫొటో పంపారు. వారంపాటు ఆ ఫొటో తెరిచి చూసుకున్నాను. ఇక్కడ నాది ఉద్యోగం కోసం ఇచ్చే స్కిల్డ్ వీసా; పౌరురాలిని కాను. ఈ దేశంలోనూ ఓటు లేదు. ఓటు గురించి అన్ని మాటలు మాట్లాడిన నేను ఏ దేశపు లైనులోనూ లేను. అలాంటి నేను, పదేళ్లు లైను కోసం కాచుకున్న మనిషిని జాబితాలోంచి తీసేయడానికి సంతకం చేసి కూర్చున్నాను.

వెనెసా తిరిగి వచ్చేసరికి నా సంతకం మీద అడ్డంగా గీత గీసి ఉంది.

“నేను పొరబడ్డాను,” అన్నాను. “ఆమెకు ఓటంటే ఏమిటో తెలుసు. నా ప్రశ్నే తప్పు. రహస్య ఓటు గురించి అడగకూడనిది అడిగాను. చెప్పకపోవడమే ఆమె ఇచ్చిన సమాధానం.”

వెనెసా మొహం ఎర్రబడింది. “పది నిమిషాల కిందట మీరే సంతకం చేశారు! ఇది మీకు ఒక సిద్ధాంతం, డాక్టర్. ఉత్తరం వచ్చిన రాత్రి ఆమె పక్కన కూర్చునేది నేను. గిన్నెలు సంచుల్లోంచి తీసి మళ్లీ సర్దేది నేను.”

వాదనలో దీనికి ప్రతివాదం నాకు దొరికేదే. కానీ ఆమె చెప్పింది నిజం.

“ఆ భయం ఓటు వల్ల రాలేదు, ఉత్తరం వల్ల వచ్చింది,” అన్నాను చివరికి. “ఉత్తరాన్ని ఆపే దారి చూద్దాం. ఓటు వేయలేని స్థితి వస్తే ఆరోగ్య కారణం రాసి ఇస్తాను. అది పంపితే చాలు. ఆమెకు వచ్చే ప్రభుత్వ ఉత్తరాలు మీ పేరున వచ్చేలా ఏర్పాటు చేయవచ్చేమో మా సోషల్ వర్కర్ కనుక్కుంటారు. పేరు తీసేస్తే మాత్రం, ఆమె ఇంకా చేయగలిగిన పనిని మనమే ఆపినట్టవుతుంది.”

“మళ్లీ ఉత్తరం వస్తే?”

“నాకు ఫోన్ చేయండి. ఆమెకు తెలుగులో నేను చెబుతాను.”

వెనెసా ఫారం మడిచి సంచిలో పెట్టుకుంది. ఒప్పుకుందో లేదో తెలియలేదు. పెద్దావిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, “తగువులాడుకోకండి. కారు అడ్డంగా ఎట్టినావు, ఎవుడో ఆరను కొడతన్నాడు,” అంది.

మే నెలలో ఎన్నికలయ్యాయి. జూన్‌లో ఇద్దరూ మళ్లీ వచ్చారు. పెద్దావిడ కొంచెం తగ్గింది; నా పేరు గుర్తులేదు. వెనెసా మాత్రం కూర్చోకముందే మొదలుపెట్టింది.

“పోస్టల్ ఓటు పెడదామన్నాను, వద్దంది. ముందస్తు ఓటింగు రోజుల్లో వెళ్తే జనం ఉండరన్నాను, అయితే అసలు వద్దంది. చివరికి ఎన్నికల రోజు, శనివారం, పోలింగు జరిగే మా స్కూలుకే తీసుకెళ్లాను. వాకర్ చూసి అక్కడి అమ్మాయి, ‘ముందుకు రండి, మీరు నిలబడక్కర్లేదు’ అంది. రానంది! నలభై నిమిషాలు, డాక్టర్. ముందున్న నేపాలీ కుర్రాడికి తన ఫ్యాక్టరీ కథంతా తెలుగులో చెప్పింది. అతను పాపం తల ఊపుతూనే ఉన్నాడు.”

“ఓటు వేశారా?”

“లోపలికి సాయం వస్తానంటే ‘నువ్వు బయటుండు’ అంది. అభ్యర్థుల పేర్ల పక్కన అన్ని గళ్లలో ప్రాధాన్యం అంకెలు వేసిందో, ఖాళీ కాగితమే మడిచి వేసిందో నాకు తెలియదు. అడిగితే చెప్పదు. అడగడం మానేశాను.”

నేను పెద్దావిడ వైపు తిరిగాను. “మామ్మా, లైను బాగుందా?”

“బాగుంది,” అంది. ఏదో వెతుకుతున్నట్టు కాసేపు చూసింది. “మా ఈదోల్లు ఒక్కులూ నేరు గాని, బాగుంది.”

ఆ కేసు తరువాత మా క్లినిక్ ప్రశ్నావళిలో ఒక వాక్యం మార్చమని నాకు పైనున్న కన్సల్టెంటు డాక్టరును కోరాను. ఆమె ఒప్పుకున్నారు. ఎవరికి వేస్తారని ఇప్పుడు మేం అడగం. ఎలా నిర్ణయించుకుంటారో చెప్పండి, పేర్లు చెప్పనక్కర్లేదు అంటాం. మౌనం వస్తే దాన్ని శూన్యంగా రాసుకోకుండా, ఎందుకు పలకలేదో తెలుసుకోవడానికి ఇంకాస్త సమయం ఇస్తాం. ప్రశ్నించడం నా వృత్తి. ప్రతి మనిషిలోనూ ప్రశ్న ఆగిపోవలసిన గుమ్మం ఒకటి ఉంటుందని ఏ వాదన గెలిచినప్పుడూ నేర్చుకోలేదు. ఆ రోజు నేర్చుకున్నాను.

మూడేళ్లకు మళ్లీ ఎన్నికలు వస్తాయి. అప్పటికి ఆమెకు ఓటంటే ఏమిటో నిజంగానే తెలియకపోవచ్చు. ఆ ఫారం నా ముందుకు వస్తే ఈసారి గీత గీయకుండా సంతకం చేయవలసి రావచ్చు. వైద్యం తెలిసిన దాన్ని కనుక అది జరగదని నాకు నేను చెప్పుకోలేను. అయినా మా ఇద్దరికీ చెరొక లైను బాకీ ఉన్నట్టు, ఆమెకు ఇంకొక్క శనివారం దొరకాలని కోరుకుంటూ ఉంటాను.