గోలెంలో పసుపు నీళ్లు

నా చిన్నప్పుడు, బొబ్బిలి పక్క మా ఊళ్లో గోగునార తీసే రోజుల్లో, ఆకాశానికి కన్నం పడిందన్న మాట వచ్చింది. పక్కింటి అక్క విజయనగరం కాలేజీలో చదివేది. భూమికి దక్షిణపు కొసన, మంచు దేశం మీద, ఎండలోని చెడును ఆపే ఓజోన్ అనే గాలి పలచబడిందని రేడియోలో విని వాళ్లమ్మకు చెప్పింది. గోడ దాటి మా వాకిట్లోకి వచ్చేసరికి అది కన్నమైంది.

ఆ రోజుల్లో మా అమ్మ పొద్దంతా నడుములోతు నీళ్లలో నిలబడి, నానిన గోగుకట్టల నుంచి నార ఒలిచేది. పైన నీడ ఉండేది కాదు. అమ్మ కాలిపోతుందని నా భయం. మర్నాడు పొద్దున్నే ఆమె అంబలి గిన్నెను గడ్డివాములో దాచేశాను. గిన్నె లేకపోతే పనికి వెళ్లదనుకున్నాను.

“ఒసే, గిన్నె ఏటి సేసినావే? ఎండెక్కిపోతన్నాది,” అని అమ్మ వీపు మీద ఒకటి వేసింది. ఏడుస్తూ కారణం చెప్తే పకపకా నవ్వింది.

గోడవతల నిలబడ్డ అక్క నవ్వలేదు. కాలేజీ బస్సు వేళవుతున్నా మా వాకిట్లోకి వచ్చింది. కుడితి గోలెం కడిగి, నీళ్లు పోసి, గోగుపుల్లతో గిరగిరా తిప్పి, అంచున పసుపునీళ్లు వంచింది. పసుపు అంచు వెంబడే తిరిగింది తప్ప నడిమికి పోలేదు.

“సూడే. ఓజోను ఎక్కువ పుట్టేది మనలాటి ఎండ దేశాల మీదే. గాలి దాన్ని మోసుకుని ఆ కొసకి ఎల్తాది. సలికాలం అక్కడ సూర్యుడు రాడు, గాలి ఇలాగే సుడి తిరుగుతాది. ఈ పసుపులాగే ఓజోను బయటే ఆగిపోతాది.” పుల్ల అడ్డం పెట్టింది. సుడి విరిగి, పసుపు నడిమికంటా పాకింది. “ఎండ ముదిరితే సుడి అలిసిపోతాది. అప్పుడు లోపలికి ఎల్తాది.”

“మరి కన్నం?”

“లోపలున్నదాన్ని మనుషులు వదిలిన పాడు గాలులు తినేస్తన్నాయి. మళ్లీ బాగవుతాదో లేదో నాకూ తెలీదే. మీ అమ్మ నెత్తి మీద మాత్రం కన్నం లేదు. ఎండుంది. తలకి గుడ్డ కట్టుకోమను.”

నేను వెళ్లి గిన్నె తెచ్చిచ్చాను. అమ్మ తలకు గుడ్డ చుట్టుకుని పనికి వెళ్లింది. అక్కకు ఆ రోజు బస్సు తప్పిపోయింది.

నేను ఎప్పుడూ బడికి వెళ్లలేదు. యాభైకి దగ్గర పడ్డాక అక్షరాలు నేర్చుకుని, మనవరాలి పుస్తకంలో ఈ సంగతే కూడబలుక్కుని చదివాను. ఆ ఓజోన్ పొర నెమ్మదిగా కోలుకుంటోందట. నాకు కొత్తగా తోచింది ఆ ఒక్క మాటే.

అక్షరం రాని పిల్లకు ఏం అర్థమవుతుందిలే అని అక్క అనుకోలేదు. తెలిసింది తెలిసినట్టు చెప్పింది, తెలియనిది తెలియదంది. ఇప్పుడు ఏ పిల్లయినా భయపడి నా దగ్గరికి వస్తే, పని పక్కన పెట్టి, ఏం విన్నావని ముందు అడుగుతాను. ఆ తర్వాత నాకు తెలిసినంతే చెప్తాను.