సొంత గల్లీలో మైకు

రాజమల్లు గొంతు నాంపల్లి గల్లీల్లో అందరికీ తెలుసు. మొహం తెలిసినవాళ్ళు తక్కువ. వార్డు ఆఫీసువాళ్ళు కిరాయికి పెట్టిన ఆటోలో, డ్రైవరు భూపాల్ వెనకాల కూర్చుని, రేపు నల్లా రాదనీ, ఎల్లుండి చెత్తబండి పొద్దున్నే వస్తుందనీ, ఆబిడ్స్ వైపు పోయే దారిలో డ్రైనేజీకి తవ్వారనీ మైకులో చెబుతాడు. ఇవే కబుర్లు ఫోన్లకూ వెళ్తాయి. వెళ్తాయి గానీ చదివేదెవరు? బిందె తోముతున్న మనిషికి చెవి ఖాళీగా ఉంటుంది, చెయ్యి ఉండదు. అందుకే ఆటో ఇంకా తిరుగుతోంది.

ఊళ్ళో అతని తండ్రి డప్పు కొట్టి చాటింపు వేసేవాడు. వారసత్వ కళ అని ఎవరూ పొంగిపోనక్కర్లేదు. అక్కడ అది వెట్టి. ఇక్కడ జీతం ఇస్తారు.

ఒక్క గల్లీలో మాత్రం రాజమల్లు ఎప్పుడూ మైకు పట్టలేదు. అది అతను ఉండే గల్లీ. మలుపు దగ్గర మైకు బందు చేసి, ఆటో దిగి నడిచి వెళ్ళేవాడు. అక్కడ భార్య జమున ఉండేది. పొద్దున చాయ్ తాగుతూ అతను చెప్పిన కబురును ఆమె మధ్యాహ్నానికల్లా ప్రతి గుమ్మానికీ చేరవేసేది. నీళ్ళు మట్టిగా వస్తాయా అని అడిగితే, వస్తాయి, నల్లాకు బట్ట కట్టు అనేది. తెలియకపోయినా ఏదో ఒకటి చెప్పేది. జవాబు లేకుండా ఎవరినీ పంపేది కాదు.

పోయిన ఎండాకాలం జమున దవాఖానలో చనిపోయింది. గల్లీ అంతా వచ్చి ఏడ్చింది, దినం నాడు తిని వెళ్ళింది, తర్వాత ఎవరి పని వాళ్ళు చూసుకున్నారు. పేదల గల్లీల్లో ఒకరికొకరు తోడని రాసేవాళ్ళు అక్కడ ఓ నెల కిరాయికి ఉండి చూడాలి. వేసుకుంటే అక్కడా తలుపు తలుపే.

వానలు తగ్గాక పాత పైపులు తీసి కొత్తవి వేసే పని మొదలైంది. రెండు రోజులు నీళ్ళు బందు. రాజమల్లు గొంతు బొంగురుపోయేదాకా అన్ని గల్లీల్లో చెప్పాడు. సొంత గల్లీ మలుపులో ఎప్పటిలాగే మైకు ఆపి దిగిపోయాడు. మర్చిపోయాడనడం సరికాదు. చెప్పేసినట్టే అనిపించింది. పొద్దున చాయ్ తాగుతూ ఆ కబురు గదిలో పైకే అన్నాడు. వినడానికి అక్కడ ఎవరూ లేరు.

మర్నాడు గల్లీలో ఎవరింట్లోనూ చుక్క లేదు.

"ఊరంత సాటిస్తవ్, మా గల్లి నీకు కానరాదా అన్నా?" అంది పక్కింటి విమల, ఖాళీ బిందె చంకలో పెట్టుకుని.

జమున చెప్పిందనుకున్నా అనబోయి ఆగాడు. ఆ మాట ఎవరితో అంటాడు? తప్పయిందని ఒప్పుకున్నాడు.

విమల ఊరుకున్నా మిగతావాళ్ళు ఊరుకోలేదు. ఆఫీసుకు వెళ్ళి చెప్పారు. సూపర్‌వైజరు సురేందర్ అతన్ని పిలిపించి, గొంతు రికార్డు చేసి పెట్టుకుంటే మనిషే అక్కర్లేదనీ, అది ఏ గల్లీనీ వదిలిపెట్టదనీ అన్నాడు. రెండో విడత పనికి నీళ్ళు మళ్ళీ ఆగుతాయి. ఈసారి మీ గల్లీ నుంచి ఒక్క ఫిర్యాదు వచ్చినా ఇక రావద్దని తేల్చేశాడు. రాజమల్లుకు భయం వేసింది. జీతం సంగతి తర్వాత. ఆ ఆటో లేకపోతే రోజు మొత్తంలో నోరు తెరిచే పనే ఉండదు.

రెండో విడత చాటింపు నాటి సాయంత్రం భూపాల్ అలవాటు కొద్దీ మలుపులో ఆటో ఆపాడు.

"దిగుతవా కాకా?"

"లోపటికి పోనియ్."

"గీడ మైకు పెట్టవు గద."

"ఇయ్యాల పెడత."

ఆటో మెల్లగా గల్లీలోకి తిరిగింది. రాజమల్లు మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. బటన్ నొక్కాడు. ముందు అతని ఊపిరే గల్లీ అంతా వినిపించింది. కిటికీలోంచి ఎవరో, ఏంది కాకా, టెస్టింగా అని నవ్వారు. అప్పుడు మొదలుపెట్టాడు.

"రేపు, ఎల్లుండి నల్లా రాదు. జర సేపట్ల నీళ్ళొస్తయి. ఇంట్ల ఉన్న గిన్నెలన్ని నింపుకోన్రి." మైకు దింపబోయి మళ్ళీ ఎత్తాడు. "ఇగ గీ గల్లికి జమున చెప్పదు. నేనే చెప్త."

కొందరు గుమ్మాల్లోకి వచ్చి చూశారు. చూసి, బిందెలు తేవడానికి లోపలికి పోయారు. నీళ్ళు వచ్చే వేళ మరి. ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు. భూపాల్ వెనక్కి తిరగకుండా ఆటో నడిపాడు.

రాజమల్లు ఇల్లు చేరేసరికి నల్లాలు పారుతున్నాయి. విమల గోడ మీదుగా రబ్బరు పైపు ఎత్తి చూపించింది.

"మాయి నిండినయ్ అన్నా. నీ డ్రమ్ముల పట్టాల్నా?"

"వద్దు చెల్లె. నాకు బిందె సాలు."

ఆ రెండు రోజులూ గల్లీ నుంచి ఆఫీసుకు ఎవరూ వెళ్ళలేదు. రాజమల్లు ఉద్యోగం నిలిచింది. మళ్ళీ నల్లా వచ్చేనాటికి అతని బిందెలో నీళ్ళు ఇంకా మిగిలే ఉన్నాయి.