చలి తెలియని వేళ్లు

ఐసు ఫ్యాక్టరీలో దిమ్మెలు కోసే ఆ మనిషిని వీధి వీధంతా చల్లబాబాయి అనే పిలిచేది. వయసంతా మంచుగదిలోనే కరిగిపోయినవాడు. చేపలైనా, పూలైనా అతని పెట్టెలో పడితే చెడవని పేరు.

అతని భార్య ఎముకలు గుల్లబారి, బిందె ఎత్తబోతుండగా వెన్నుపూస నలిగి మంచం పట్టింది. డాక్టరమ్మ ఒక సూదిమందు రాసింది. చూడటానికది సిరాకలం వంటిది.

"ఇది పెప్టైడ్ మందు బాబాయ్. మాంసకృత్తు గొలుసులో చిన్న తునక అనుకోండి. ఎముకను పెరగమని చెప్పే హార్మోనుకి నకలు. మింగితే కడుపు అరిగించేస్తుంది, అందుకే రోజూ సూదిగా ఇవ్వాలి. చల్లగా దాచండి."

"చల్లదనం సంగతి నాకు చెప్తారా తల్లీ!" అని అతడు ఫక్కున నవ్వాడు. గడ్డకట్టనివ్వవద్దన్న తరువాతి మాట ఆ నవ్వులో కొట్టుకొనిపోయింది.

ఇంటి ఫ్రిజ్‌పై అతనికి గురి లేదు. కలాన్ని మంచుగదిలో దిమ్మెల నడుమ భద్రపరచి, సాయంత్రం జేబులో కరగనిచ్చి తెచ్చి, భార్యకు సూది పొడిచేవాడు. నెలలు గడిచాయి. ఆమె లేవకపోగా మరొక పూస నలిగింది.

"మందు ఎక్కడ పెడుతున్నారు?" అని డాక్టరమ్మ అడిగింది. అతడు గర్వంగానే చెప్పాడు.

"గడ్డకట్టిన మందు పనికిరాదు బాబాయ్. ఇన్నాళ్లూ పొడిచింది నీళ్లతో సమానం."

"మళ్లీ మొదలెడితే లేస్తుందా తల్లీ?"

"నలిగినవి మునుపటిలా కావు. మిగిలినవైనా నిలుస్తాయో లేదో ఇప్పుడే చెప్పలేను."

కొత్త కలంతో ఇల్లు చేరి, భార్య కాళ్ల దగ్గర కూలబడి జరిగినదంతా చెప్పాడు. ఆమె పైకప్పు వైపు చూస్తూ అన్నది.

"బాగుందయ్యా. చేపను చూసుకున్నట్టు చూసుకున్నావు నన్ను."

అతనికి నవ్వు రాలేదు. లేచి ఫ్రిజ్ తలుపు అరలో కలాన్ని ఉంచాడు, తీశాడు, వేళ్లతో నొక్కి చూశాడు. ఏమీ తెలియలేదు. మంచు పట్టీ పట్టీ ఆ వేళ్లు ఏనాడో మొద్దుబారాయి. చల్లగా ఉన్నదా, గడ్డకడుతున్నదా? ఎన్నిమార్లు నొక్కినా అంతే.

"ఏమేవ్, నువ్వే చూడు. నా చేతికి తెలియటంలేదే" అంటూ కలాన్ని ఆమె అరచేతిలో పెట్టాడు.

ఆమె పిడికిలి బిగించింది. "చల్లగా ఉంది. మంచులా కొరకటంలేదు."

ఆమెను లేపి కూర్చోబెట్టబోయాడు.

"వద్దు" అన్నది గాభరాగా. "కదపకు. ఇంకో పూస పోతుందేమో."

పడుకొన్నచోటనే సూది పొడిచాడు.