బట్టలకొట్టు గోడ మీది గాజుముక్కలు

దయ్యాలంటే నాకు భయమూ లేదు, భక్తీ లేదు. మాది గూడూరు దగ్గర పల్లె, క్రైస్తవ కుటుంబం. ఇంట్లో ఎవరైనా దయ్యం మాట ఎత్తితే మా నాన్న కసిరేవాడు. నాకున్న జబ్బల్లా మనుషుల మీద అనుమానం. పప్పులో రాయి తగిలినా కావాలనే వేశారంటానని మా ఆవిడ ఎత్తిపొడుస్తుంది. అలాంటి అనుమానప్పక్షి చెప్తున్న మాట ఇది.

అరవైల మొదట్లో బందరులో ఓవర్సీరుగా కట్టుబడి పనులు చూసేవాణ్ని. కోనేరు సెంటరుకి దగ్గర్లో వెంకటరత్నం గారి బట్టల కొట్టు ఉండేది. తాతల నాటి మేడ. వీధి వైపు టేకు స్తంభాల వసారా, పైన చెక్క బాల్కనీ, గానుగ సున్నంతో కట్టిన మందపాటి గోడలు. ఒక తుఫాను తర్వాత వీధి గోడ పైనుంచి కిందకి చీలింది.

ఆయన తమ్ముడు సూర్యం, మేడ పడగొట్టి సిమెంటుతో కొత్తది కట్టి అద్దెలకిద్దామన్నాడు. అన్నగారికి ఆ మాట వింటేనే ప్రాణం పోయినంత పనయ్యేది. "మా నాన్న ఈ కొట్లో కూర్చునే పోయాడండీ. దీన్ని పడగొడితే ఇక నేనెక్కడ కూర్చోనూ?" అని నా చేతులు పట్టుకున్నారు.

మునిసిపల్ ఇంజనీరు గారు ఒక్కటే మాట చెప్పారు. గోడ ఇంకా కదులుతుంటే పడగొట్టాల్సిందే. ఆగిపోయి ఉంటే బాగుచేసుకోవచ్చు.

అది తేల్చడానికి మా పనిలో ఒక పద్ధతి ఉంది. పగులుకి అడ్డంగా సన్నటి గాజుముక్క పెట్టి, రెండు చివరలా సున్నం ముద్దతో అతికిస్తాం. గోడ కదిలితే గాజు విరుగుతుంది. ఎవరూ మార్చెయ్యకుండా తడి సున్నం మీద నా బొటనవేలు నొక్కేవాణ్ని. నా వేలి మీద ఉలి తగిలిన మచ్చ ఉంది. ఆ గీత కూడా సున్నంలో పడేది. మేడ మీది గదిలో అలా వరసగా గాజుముక్కలు పెట్టాను. సున్నం గట్టిపడేదాకా రోజూ కనిపెట్టుకుని ఉండి, గదికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాను. కిటికీలకి కమ్మీలున్నాయి.

ఇంజనీరు గారు రావడానికి ముందురోజు తలుపు తీస్తే గాజులన్నీ విరిగి ఉన్నాయి. కానీ పగులుకి అటూ ఇటూ నేను పెన్సిలుతో పెట్టుకున్న గుర్తులు వెంట్రుకవాసి కూడా జరగలేదు. గోడ కదలకుండా గాజు విరగడమేంటి? ఒళ్ళు మండిపోయింది. తిన్నగా సూర్యం దగ్గరికి వెళ్ళాను.

"ఏవండీ, మారు తాళంచెవి మీ దగ్గరుందా?"

అతని మొహం కందగడ్డయింది. "నాకీ మేడ వద్దు, నిజమే. దానికోసం మా అన్న కడుపు కొడతానా? ఏం మాటలండీ అవి!"

నేను నమ్మలేదు. అప్పటికప్పుడు కొత్త తాళం కొని వేశాను. కొత్త గాజులు పెడదామంటే మర్నాటికి సున్నం ఆరదు. విరిగినవి విరిగినట్టే వదిలేశాను. సంగతి విన్న వెంకటరత్నం గారు కొట్లో ఓ మూల కూలబడిపోయారు.

మర్నాడు పొద్దున ఇంజనీరు గారూ, అన్నదమ్ములిద్దరూ చూస్తుండగా తాళం తీశాను.

గాజులన్నీ నిక్షేపంలా ఉన్నాయి.

"బాగానే ఉన్నాయిగా!" అన్నారు ఇంజనీరు గారు.

దగ్గరికెళ్ళి చూశాను. సున్నం ముద్దల మీద బొటనవేలి ముద్ర ఉంది. మచ్చ లేదు. నా వేలికన్నా బాగా సన్నటి వేలు. గోరుతో గీకాను, దిగలేదు. రాత్రికి రాత్రి పెట్టిన సున్నం పొద్దుటికి వెన్నలా ఉండాలి. ఇది ఆ గోడంత పాతదిలా బిగిసిపోయి ఉంది.

కిక్కురుమనకుండా ఊరుకుంటే కొట్టు నిలబడేది. కానీ ఆ గోడ కింద రోజూ జనం కూర్చుని చీరలు బేరం చేస్తారు. "ఇవి నేను పెట్టినవి కావండీ. నావి నిన్ననే విరిగిపోయాయి" అని చెప్పేశాను. వెంకటరత్నం గారు నావైపు చూసిన చూపు నేను మర్చిపోలేను.

ఇంజనీరు గారికి మా ముగ్గురి మీదా అనుమానం వచ్చింది. సున్నం కలిపించి అందరి చేతా బొటనవేళ్ళు నొక్కించారు. ఏ ఒక్కటీ కలవలేదు. చివరికి ఆయనే స్వయంగా కొత్త గాజులు అతికించి, సున్నం ఆరాక తన తాళం వేసుకుని వెళ్ళారు. గాలివానలన్నీ వెళ్ళిపోయాక వచ్చి తెరిచారు. ఒక్కటి కూడా విరగలేదు. పగులుకి అడ్డంగా ఇటుకలు దూర్చి కుట్లు వేసినట్టు బిగించి, బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపిన సున్నంతో గోడ మళ్ళీ నున్నగా పూయించాను.

నాకు అంతుపట్టనిది ఒకటే. కొట్టు పోవాలనుకునేవాడు గాజులు విరగ్గొడతాడు. ఉండాలనుకునేవాడు కొత్తవి పెడతాడు. ఒకే గదిలో ఈ రెండూ ఎలా జరిగాయి?

కొట్టు మళ్ళీ తెరిచిన రోజు సూర్యం నన్ను వసారాలో పక్కకి పిలిచాడు. మాట బాగా తగ్గించి అడిగాడు.

"అన్నయ్యకి చెప్పనులెండి. నిజం చెప్పండి ఓవర్సీరు గారూ. ఆ కొత్త గాజులు పెట్టింది మీరే కదూ?"

సరిగ్గా ఆ ప్రశ్నే అతన్ని అడుగుదామని పొద్దుటినుంచీ కాచుకుని ఉన్నాను.