ఉలవలు వేయించిన వాసన

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను గుంతకల్లులో రైల్వే ఫిట్టరును. ఒక పాత కారు కొన్నాను. కారు కింద దూరే గాలిని ఆపితే పెట్రోలు కలిసొస్తుందని ఏదో పత్రికలో చదివి, అడుగంతా రేకు బిగించాను. ముందు బంపరు కింద, నేలకు జానెడు ఎత్తులో, గాలికి అడ్డంగా ఇంకో రేకు వేలాడదీశాను.

ఆదివారం మా ఆవిడతో కళ్యాణదుర్గం బయలుదేరాను. దారిలో ఎప్పటిలాగే రోడ్డు మీద ఉలవ పంట ఆరబోసి ఉంది, బండ్లు తొక్కితే గింజ రాలుతుందని. నేనూ ఎప్పటిలాగే దాని మీదుగా పోనిచ్చాను.

కొంచెం దూరం పోగానే మా ఆవిడ, "ఏమండీ, ఉలవలు వేయించిన వాసన వస్తాండాది," అంది.

దిగి చూస్తే కారు కింద మంట. రెండు రేకుల సందులో దూరిన ఎండు ఉలవ తీగలు సైలెన్సరు వేడికి అంటుకున్నాయి. వెనకే పరిగెత్తుకొచ్చిన ఆ పంట రైతమ్మ, తాగడానికి తెచ్చుకున్న బిందెడు నీళ్లూ కారు కిందికి చిమ్మి మంట ఆర్పింది.

"ఏమప్పా, అందరూ తొక్కి పోతారు. నువ్వేమో పంటనే ఎత్తుకపోతాండావు," అంది.

సిగ్గుతో రేకులు అక్కడే విప్పేసి ఆమెకే ఇచ్చాను.

నెల తర్వాత మేమిద్దరం అటు వెళ్తే, రోడ్డు పక్కనే ఆమె వాకిట్లో పొయ్యికి నా రేకు అడ్డం పెట్టి ఉంది. రేకుకు అటు ఈదురుగాలి, ఇటు మంట నిలకడగా ఉంది. ఆమె పెట్టిన ఉలవ గుగ్గిళ్లు తింటూ మా ఆవిడతో అన్నాను, "గాలి ఆగిందా, లేదా?"