సన్నాఫ్ తడికలక్క

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఏ అన్యాయాన్నైనా మంచి ఇంగ్లీషులో, సరైన మార్జిను వదిలి టైపు చేసి పంపితే చాలు, సర్దుకుంటుందని. కడపలో టైపు హయ్యరు పాసై, కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఉద్యోగంలో చేరాను. వయసు ఇరవై. రాజధాని అంటే మేడలు ఊహించుకుని వెళితే మా ఆఫీసు గుడారంలో ఉంది. ఫైళ్లు గాలికి ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద ఒక్కో నాపరాయి ముక్క. (ఏ ఫైలు ఎంత ముఖ్యమో రాయి బరువును బట్టి తెలిసేది.) ఆ గుడారంలో ఆడమనిషిని నేనొక్కదాన్నే.

ఎండాకాలం వచ్చిందంటే వాకిళ్లకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లితేనే ప్రాణాలు నిలిచేవి. అవి అల్లి తెచ్చే ఆవిడను అందరం తడికలక్క అనేవాళ్లం. భర్త పోయాక తుంగభద్ర ఒడ్డున పాక వేసి, తొమ్మిదిమంది ఆడవాళ్లతో పని నడిపేది. మొదటి ఏడాది తొందరలో ఆఫీసువాళ్లు ఆమె దగ్గర నేరుగా కొన్నారు. రెండో ఏడాది టెండరు పిలిచారు. ఫారం కోసం వస్తే గుమాస్తా మీ మగవాళ్లనెవరినైనా పంపమన్నాడట. ఆమె తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"అల్లేది నేను. మా మరిది పేరు యాల పాపా? వానికి తడిక నీడన పండుకునేది తప్ప ఇంగేం తెలీదు."

సరే, ఆమె పేరుతోనే ఫారం నింపడానికి కూర్చున్నాను. పేరు తర్వాత 'సన్నాఫ్' అని అచ్చేసి ఉంది. ఆమె ఎవరి కొడుకూ కాదు కదా! 'సన్' మీద వరసగా ఎక్సులు కొట్టి, పైన 'డాటర్' అని చేర్చి, నా తెలివికి నేనే మురిసిపోయాను. కవర్లు విప్పిన రోజున అందరికన్నా తక్కువ ధర ఆమెదే. కానీ అచ్చు ఫారాన్ని దిద్దారు కనుక చెల్లదని పక్కన పడేశారు. పని బయటూరి కాంట్రాక్టరుకు పోయింది. అతడు చేసిందల్లా తడికలక్క పాకకే వచ్చి సగం ధరకు అల్లించుకోవడం. కూలి గిట్టక ఆ తొమ్మిదిమందిలో నలుగురు పని మానేసి నందికొట్కూరు వైపు పోయారు.

తప్పు నాదే కనుక దిద్దే భారం కూడా నాదే అనుకున్నాను. మూడు రోజులు మధ్యాహ్నం భోజనం మానేసి, సర్కారు కాగితాల మీదే, నాలుగు పేజీల విజ్ఞప్తి కొట్టాను. రాజ్యాంగంతో మొదలుపెట్టి వట్టివేళ్ల దాకా వచ్చాను. ఆడవాళ్ల టెండర్లను వాళ్ల పేర్లతోనే తీసుకోవాలని, ఫారాలు మార్చాలని రాసి, ఆమె చేత వేలిముద్ర వేయించి పైఆఫీసుకు పంపాం.

నెల తర్వాత అది 'తగు చర్య నిమిత్తం' అన్న ముద్రతో మా గుడారానికే తిరిగొచ్చింది. మా సూపరింటెండెంటు గారు నెమ్మదస్తులు, ఎప్పుడూ గొంతు పెంచి ఎరగరు. నాలుగు పేజీలూ చదివి నన్ను పిలిచారు.

"ఎవరు రాశారో గాని ఇంగ్లీషు బాగుందమ్మా. ఒక్కటే, మన మిషనులోలాగే ఇందులోనూ 'ఇ' అక్షరం కాస్త కిందికి దిగింది."

నేను వెనక్కి తిరిగి నా మిషను వైపు చూశాను.

"జవాబు కూడా నువ్వే కొట్టు" అన్నారు.

కొట్టాను. విజ్ఞప్తి అందింది, పరిశీలించాం, నిబంధనల్లో వీలు లేదు. నాలుగు పేజీలకు మూడు వాక్యాలు. నా జన్మలో ఒక్క తప్పైనా లేకుండా టైపు చేసిన మొదటి కాగితం అదే.

నాలుగు రోజులకు తడికలక్క ఆ జాబు పట్టుకుని చదివించుకోవడానికి వచ్చింది. రూలు లేదంటున్నారక్కా అన్నాను.

"లేకపోతే రాసుకునేది గదా. రాసేటోళ్లు మీరే గదా పాపా" అంది. కోపంగా కాదు, నిజంగా అడిగింది. నేను జాబు తిరిగి చేతికిస్తుంటే నన్నే ఓదార్చింది. నీకు శానా శ్రమైంది, పోనీలే అంది. తర్వాత కాగితాన్ని వెలుగుకు పట్టి చూసి, "ఎవురు కొట్టినారో గానీ అచ్చు బాగుండాది" అంది.

తెలియదక్కా అన్నాను.

మూడో ఏడాది మరిదిని వెంటబెట్టుకొచ్చింది. ఫారం మళ్లీ నేనే నింపాను. ఎక్కడా దిద్దే పని పడలేదు. టెండరు వచ్చేసింది. మరిది కొత్త తలపాగా చుట్టి, పాక ముందు కుర్చీ వేసుకుని, వదినకు అల్లిక ఎలా అల్లాలో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ ఏడాదే రాజధాని హైదరాబాదుకు మారింది. గుడారాలు పీకేశారు, నేనూ వెళ్లిపోయాను.

సర్వీసు చివర్లో నన్ను ఒక టెండరు కమిటీలో వేశారు. ఏళ్ల తరబడి కవర్లు విప్పాను. ఒకే ఒక్కసారి ఆడపేరు వచ్చింది. సంబరం ఆపుకోలేక, సంతకానికి ఆవిడనే రమ్మనమని కబురు చేశాను. వచ్చింది భర్త. "పేరు మటుకే ఆమెది మేడం, పన్ను కోసరం పెట్టినాము. ఇట్లాటివేమీ తెలీవు ఆమెకు" అన్నాడు. ఆవిడ సంతకం ఇంట్లోనే చేయించుకొచ్చాడు.

కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. నేనూ సంతకం పెట్టాను. గుమాస్తా రాయాల్సిన ఆవిడ పేరును మాత్రం, రిజిస్టరు అడిగి తీసుకుని, నా చేత్తోనే రాశాను, మిగతావాటికన్నా కాస్త పెద్ద అక్షరాలతో.